జ్వరం దిగాక మొదలయ్యే జబ్బులు: చికున్‌గున్యా (గున్యా), డెంగీ, మెదడువాపు తర్వాత ఏం గమనించాలి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగిళ్లలో వానాకాలం ఎవరికి జ్వరం వచ్చినా ముందు మలేరియా చూపించుకుంటారు. మంచి అలవాటు, మానొద్దు. దక్షిణ ఒడిశాలో ఫాల్సిపారం మలేరియా ఇంకా ఉంది. ఆశా కార్యకర్త దగ్గరుండే కిట్‌తో పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. అది నెగటివ్ అని తెలిశాక మాత్రం చాలామంది "ఏదో విషజ్వరం" అనుకుని, ఒళ్లు చల్లబడగానే మర్చిపోతారు. మూడు వారాల తర్వాత వేళ్లు ముడుచుకోకపోయినా, కాళ్లలో సత్తువ పోయినా, మెదడువాపు నుంచి లేచిన పిల్లాడు మళ్లీ వింతగా ప్రవర్తించినా, దాన్ని ఆ పాత జ్వరంతో ముడిపెట్టి చూసేవాళ్లు తక్కువ. డాక్టరు అడిగితే "ఎప్పుడో, పండక్కి ముందు వచ్చిందండీ" అంటారు.

అందుకే అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన మాట ఇది: జ్వరం మొదలైన తేదీ కాగితం మీద రాసిపెట్టండి. ఆ రోజు నుంచి ఎన్నో రోజు అన్నదాన్ని బట్టే ఏ పరీక్ష పనికొస్తుందో, ఏ మందు వేయొచ్చో, ఏది వేస్తే ప్రమాదమో తెలుస్తుంది. డెంగీకి ఎన్‌ఎస్‌-1 పరీక్ష మొదటి ఐదు రోజుల్లో చేయిస్తేనే నమ్మకం. ఐజీఎం, అంటే వైరస్ మీద ఒళ్లు ముందుగా తయారుచేసే యాంటీబాడీ, ఐదో రోజు దాటాక గానీ సరిగా కనపడదు. రెండో రోజే ఐజీఎం చేయించి, నెగటివ్ వచ్చింది కాబట్టి డెంగీ కాదు, గున్యా కాదు అని తేల్చేసుకుంటే తప్పుదారి పడతాం. గున్యాకి మొదటి వారంలో అయితే ఆర్‌టీ-పీసీఆర్, ఆ తర్వాత ఐజీఎం ఎలైజా (ఆ యాంటీబాడీని చూసే రక్తపరీక్ష). ప్రభుత్వం సెంటినల్ (జబ్బుల నిఘా) కేంద్రాలుగా పెట్టిన ఆసుపత్రుల్లో పుణె ఎన్‌ఐవీ (జాతీయ వైరాలజీ సంస్థ) కిట్లతో ఈ ఎలైజా చేస్తారు. బయట ల్యాబుల్లో దొరికే కార్డు టెస్టుల మీద, ముఖ్యంగా గున్యా విషయంలో, అంత నమ్మకం పెట్టుకోకూడదు.

ఒంట్లో జరిగేది ఒకటే కాదు

జ్వరం తర్వాత వచ్చే ప్రతి బాధనీ "ఇమ్యూనిటీ తిరగబడింది" అనేస్తే వైద్యం దారి తప్పుతుంది. ఇందులో మూడు వేర్వేరు సంగతులున్నాయి.

ఒకటి నిఖార్సైన ఆటో ఇమ్యూన్ జబ్బు. వైరస్ మీద తయారైన యాంటీబాడీలో, వైరస్ చేసిన గాయం వల్ల బయటపడ్డ మన కణాల మీద పుట్టిన యాంటీబాడీలో మన నరాలనో మెదడునో పట్టుకుంటాయి. జికా అనే ఇంకో దోమ వైరస్ తర్వాత వచ్చి కాళ్లూ చేతులూ చచ్చుబడేలా చేసే గిలన్-బారీ సిండ్రోమ్, జపనీస్ మెదడువాపు తర్వాత వచ్చే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌కెఫలైటిస్ ఈ రకం.

రెండోది గున్యా కీళ్లవాతం. పైకి అచ్చం రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లా ఉంటుంది, కానీ చాలామందిలో దాన్ని పట్టే రక్తపరీక్షలు, రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ-సీసీపీ, రెండూ నెగటివే. కీలు లోపలి పొరలో ఉండే మాక్రోఫేజ్ కణాల్లో వైరస్ అవశేషాలు చాలాకాలం మిగిలిపోవడం, వాటిని చూసి మన తెల్లకణాలు వాపు పుట్టించే రసాయనాలు, ముఖ్యంగా ఐఎల్-6, వదులుతూనే ఉండడం దీనికి కారణమని ఇప్పటిదాకా ఉన్న ఆధారం. జ్వరం వచ్చిన 18 నెలల తర్వాత కూడా ఒక రోగి కీలు పొరలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ దొరికింది. అంటే ఇక్కడ శత్రువు పూర్తిగా పోలేదు, యుద్ధమూ ఆగలేదు. సొంత కణజాలం మీద యాంటీబాడీలు అన్న మాట దీనికి పూర్తిగా వర్తించదు.

మూడోది డెంగీ రెండోసారి వచ్చినప్పుడు జరిగేది. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. మొదటిసారి ఒక రకం వచ్చి తగ్గాక మిగిలిన యాంటీబాడీలు, తర్వాత వేరే రకం వచ్చినప్పుడు దాన్ని చంపలేకపోగా తెల్లకణాల్లోకి దూరడానికి సాయపడతాయి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు తగ్గుముఖం పట్టే వయసులో, అంటే ఆరు నుంచి తొమ్మిది నెలల పసిపిల్లల్లో, మొదటి డెంగీయే తీవ్రంగా రావడానికి కారణం కూడా ఇదే. ఇది ఆటో ఇమ్యూన్ కాదు, కానీ తమకు తెలియకుండానే ఒకసారి డెంగీ వచ్చిపోయినవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉంటారు కాబట్టి గుర్తుపెట్టుకోవాలి.

గున్యా: మూడు వారాలు, మూడు నెలలు

ఈ వైరస్‌ని 1952లో అప్పటి టాంగన్యికాలో, ఇప్పటి టాంజానియాలో గుర్తించారు. మన దేశంలో 1963లో కలకత్తాలో, 1973లో మహారాష్ట్రలోని బార్శిలో వచ్చి, ముప్పై ఏళ్లు కనపడకుండా పోయి, 2005 చివర్లో ఆంధ్రలో మళ్లీ లేచింది. 2006లో దేశం మొత్తం మీద దాదాపు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రావడం చాలా అరుదు. అప్పటి గున్యా పేరు చెప్పి ఇప్పటికీ మోకాలి నొప్పి మోస్తున్న అరవై ఏళ్లవాళ్లకి చాలావరకు ఉన్నది కీలు అరుగుదల. అది వేరు, దాని వైద్యం వేరు.

కొత్తగా వచ్చిన గున్యాలో మొదటి మూడు వారాలు తొలి దశ, అక్కడి నుంచి మూడు నెలల దాకా మధ్య దశ, మూడు నెలలు దాటితే దీర్ఘకాలిక దశ. దీర్ఘకాలిక దశకి చేరేవాళ్లు ఎంతమంది అన్నది ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా ఉంది. మూడో వంతుకి అటూ ఇటూ అనుకోవచ్చు. నలభై అయిదు దాటినవాళ్లు, ఆడవాళ్లు, ముందే కీళ్ల బాధ ఉన్నవాళ్లు, మొదటి వారంలో జ్వరమూ నొప్పులూ విపరీతంగా పడ్డవాళ్లు ఎక్కువగా చిక్కుకుంటారు.

నొప్పి వేరు, వాపు వేరు. ఈ తేడా ఇంట్లోనే పట్టుకోవచ్చు. పొద్దున్న లేవగానే పిడికిలి బిగించి చూడండి. నాలుగు వేళ్ల కొసలూ అరచేతికి ఆనాలి. ఆనకపోతే, ఆనడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో గడియారం చూసి రాసుకోండి. పది నిమిషాల్లో విడిపోయే బిగుతు గురించి పెద్దగా బెంగ అక్కర్లేదు. అరగంట, గంట దాటి ఉంటే కీలు లోపల వాపు నడుస్తున్నట్టు. తర్వాత వేళ్లు మొదలయ్యే చోట ఉండే కణుపుల వరసని ఎవరిచేతనైనా రెండు పక్కల నుంచీ, షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు, మెల్లగా నొక్కించుకోండి. ఉలిక్కిపడేంత నొప్పి ఉందంటే ఆ మాట డాక్టరుకి చెప్పాలి. కణుపుల మధ్య గుంటలు పూడుకుపోయి చేతి వెనక భాగం నునుపుగా కనపడితే అది వాపే. ఉంగరం ఎక్కకపోవడం, గాజులు ఇరుకవడం కూడా లెక్కలోకే వస్తాయి. రెండు అరచేతులూ ఛాతీ ముందు నమస్కారం పెట్టినట్టు ఆనించి మోచేతులు పైకెత్తినప్పుడు అరచేతుల మధ్య సందు మిగిలితే మణికట్టులోనో స్నాయువుల్లోనో బిగుతు ఉన్నట్టు. గున్యాలో మణికట్టు, చీలమండ, వేళ్లు ఎక్కువగా పట్టేస్తాయి. చేతివేళ్లలో తిమ్మిరి, రాత్రిపూట మంట ఉంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి ఉండొచ్చు.

మూడు నెలలకి కూడా ఐజీఎం పాజిటివ్ రావడం చూసి "గున్యా ఇంకా ఒంట్లోనే ఉంది" అని భయపడక్కర్లేదు. ఆ యాంటీబాడీ నెలల తరబడి, కొందరిలో అంతకన్నా ఎక్కువే, మిగులుతుంది. రుమటాయిడ్ ఫ్యాక్టర్ కొద్దిగా పెరిగి కనపడటం వైరల్ జ్వరాల తర్వాత మామూలే. యాంటీ-సీసీపీ గట్టిగా పాజిటివ్ అయితే మాత్రం అది రుమటాయిడ్ ఆర్థరైటిసే అనుకుని రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. గున్యా దాన్ని బయటపెట్టి ఉండొచ్చు. లూపస్ అనే ఆటో ఇమ్యూన్ జబ్బు కోసం చేసే ఏఎన్‌ఏ పరీక్ష ఊరికే చేయించకండి. మామూలు మనుషుల్లో కూడా తక్కువ స్థాయిలో పాజిటివ్ వస్తుంది, లేనిపోని లూపస్ భయం పట్టుకుంటుంది. ముఖం మీద మచ్చ, నోటిపూత, మూత్రంలో నురగ, జుట్టు ఊడటం లాంటివి తోడైతే అప్పుడు అడగాలి.

ఈ జిల్లాల్లో ఇంకో రెండు జబ్బులు గున్యా వేషంలో వస్తాయి. సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే ఎర్రకణాల జబ్బు) ఉన్న పిల్లలకి జ్వరంతోపాటు ఎముకల నొప్పి రావడం, చేతులూ పాదాలూ ఉబ్బడం ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా సికిల్ ఉంటే ముందు ఆ పరీక్ష చేయించాలి. గంజాం తీరంలో, శ్రీకాకుళంలో ఫైలేరియా వల్ల కాలు మొత్తం ఉబ్బుతుంది. గున్యా వాపు కీలు చుట్టూనే ఉంటుంది, పిక్క అంతా పాకదు.

సూది మందు దగ్గరే పాడయ్యేది

మొదటి వారంలో నొప్పికి పారాసెటమాల్ ఒక్కటే. పెద్దవాళ్లకి 500 లేదా 650 మి.గ్రా., ఆరు గంటలకోసారి, రోజంతా కలిపి 3 గ్రాములు దాటకుండా. పిల్లలకి ఒక్కో మోతాదు బరువులో కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. చొప్పున. డెంగీ కాదని తేలేవరకు, జ్వరం పోయి 48 గంటలు దాటేవరకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ముట్టుకోకూడదు. ప్లేట్‌లెట్లు పడిపోయిన ఒంట్లో ఇవి కడుపులో రక్తస్రావం తెప్పిస్తాయి.

కానీ సంతలో, బస్టాండు పక్కన దొరికే ఒక్క సూదితో సాయంత్రానికి లేచి నడిచేవాళ్లని చూసి అందరూ అదే అడుగుతారు. అందులో ఉండేది ఎక్కువగా డైక్లోఫెనాక్, దానికి తోడు డెక్సామెథాసోన్. స్టెరాయిడ్ వాపుని తొక్కిపెడుతుంది, వైరస్‌ని కాదు. మొదటి రోజుల్లో వేసినప్పుడు ఒంట్లో వైరస్ ఇంకా పెరుగుతూనే ఉంటుంది. సూది ప్రభావం దిగగానే నొప్పి రెట్టింపై తిరిగొస్తుంది, మళ్లీ సూది, మళ్లీ నొప్పి. నెలలో నాలుగైదు సూదులు పడ్డవాళ్లలో ముఖం ఉబ్బడం, షుగరు పెరగడం, మందు ఆపగానే లేవలేనంత నీరసం కనపడతాయి. ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. ఈ ప్రాంతంలో ఒంట్లో నిద్రపోతున్న క్షయ చాలామందిలో ఉంటుంది, చెప్పుల్లేకుండా పొలంలో, అడవిలో తిరిగేవాళ్లలో స్ట్రాంగిలాయిడ్స్ అనే నులిపురుగు ఉంటుంది. స్టెరాయిడ్ ఈ రెండింటినీ లేపుతుంది. సూది వేసేవాళ్ల మీద కోపం కన్నా, నొప్పితో కూలి పోతుందని వాళ్ల దగ్గరికి పరుగెత్తాల్సి వచ్చే మనుషుల మీద జాలి ఎక్కువ కలుగుతుంది. అందుకే ఇంత వివరంగా చెప్పాల్సి వస్తోంది.

మూడు వారాలు దాటాక దారి మారుతుంది. అప్పుడు నాప్రాక్సెన్ లాంటి నొప్పి మందు తిండి తిన్నాక వాడొచ్చు, అది కూడా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూశాకే. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ఉద్దానం వైపు కారణం తేలని కిడ్నీ జబ్బు ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. అక్కడి మనుషులు, అక్కడి నుంచి బరంపురం వైపు వచ్చి స్థిరపడ్డవాళ్లు ఈ మందులు సొంతంగా కొనుక్కుని వాడటం చాలా ప్రమాదం. స్నాయువుల వాపు ఎక్కువగా ఉండి పని పూర్తిగా ఆగిపోతే, డాక్టరు చూస్తూ ప్రెడ్నిసొలోన్ 10 నుంచి 20 మి.గ్రా. మొదలుపెట్టి కొద్ది వారాల్లో తగ్గించి ఆపేస్తారు. మొదటి వారపు సూదికీ దీనికీ తేడా సమయంలో ఉంది, మోతాదులో ఉంది, ఆపే తేదీ ముందే రాసుకోవడంలో ఉంది. మందుతోపాటు రోజూ గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టి పది నిమిషాలు వేళ్లు ముడవడం, చాపడం చేయాలి. వాపు ఎర్రగా, వేడిగా ఉన్న రోజుల్లో మాత్రం చల్లటి గుడ్డే మేలు. కదలకుండా కట్టేసి ఉంచిన కీలు బిగుసుకుపోతుంది.

మెథోట్రెక్సేట్: వారానికి ఒక్క రోజు

మూడు నెలలు దాటినా వాపు తగ్గకపోతే రుమటాలజిస్టులు సాధారణంగా మెథోట్రెక్సేట్ అనే, ఇమ్యూన్ కణాల దూకుడు తగ్గించే మందు రాస్తారు. 10 నుంచి 15 మి.గ్రా.తో మొదలై అవసరాన్ని బట్టి పెంచుతారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒక్కటే ఇవ్వడం కన్నా మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్‌లతో కలిపి ఇస్తే ఎక్కువ ఫలితం ఉందని కేరళలో జరిగిన ఒక పరిశోధనలో తేలింది. మొదటి వారంలోనే మలేరియా మాత్ర క్లోరోక్విన్ వేస్తే గున్యా తగ్గుతుందన్నది మాత్రం రీయూనియన్ దీవిలో పరీక్షించి చూశారు, లాభం లేదని తేలింది.

ఈ మందుతో జరిగే ఘోరం ఒకటే రకం: వారానికి ఒకసారి వేసుకోవాల్సింది రోజూ వేసుకోవడం. చీటీ మీద అక్షరాలు సరిగా కనపడక, మందుల షాపులో "రోజుకొకటి" అని నోటిమాటగా చెప్పడం వల్ల, ఇంట్లో చదువురాని పెద్దావిడ మిగతా మాత్రలతో కలిపి మింగడం వల్ల ఇది జరుగుతుంది. వారం, పది రోజుల్లో నోరంతా పూత, తర్వాత రక్తకణాలు పడిపోవడం, ప్రాణం మీదకి రావడం. కాబట్టి చీటీ మీద వారం పేరు రాయించుకోండి, "ఆదివారం మాత్రమే" అని. పెట్టె మీద మార్కర్‌తో అదే రాయండి. నెలకి నాలుగైదు మోతాదులకి మించి ఒకేసారి కొనకండి. 5 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్ మాత్ర వేరే రోజున, డాక్టరు చెప్పినట్టు. రెండు మాత్రలూ పసుపుపచ్చగా ఉండే బ్రాండ్లున్నాయి, రంగు చూసి గుర్తుపట్టడం నమ్మొద్దు.

మొదలుపెట్టే ముందు రక్తకణాలు, లివరు, క్రియాటినిన్, హెపటైటిస్ బి, సి, ఛాతీ ఎక్స్‌రే చూడాలి. మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష. మందు పనిచేయడం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు వారాలకే "పనిచేయట్లేదు" అని మానేసేవాళ్లే ఎక్కువ. ఇప్పసారాతో సహా మద్యం పూర్తిగా మానాలి. గర్భిణులకి ఇవ్వకూడదు. పిల్లల్ని కనాలనుకునేవాళ్లు ముందే చెప్పాలి. మూత్రంలో మంటకో దగ్గుకో ఇచ్చే కో-ట్రైమాక్సజోల్, అంటే సెప్ట్రాన్ రకం మాత్ర, దీనితో కలిస్తే రక్తకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా "నేను వారం మాత్ర వాడుతున్నాను" అని చెప్పడం మర్చిపోవద్దు. బదులుగా సల్ఫాసలజీన్ రాస్తే, ఈ ప్రాంతంలో జీ6పీడీ (ఎర్రకణాల్లో ఉండే ఒక ఎంజైమ్) లోపం ఉన్నవాళ్లు ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష ముందు చేయించాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజుకి బరువులో కిలోకి 5 మి.గ్రా. మించకుండా, మొదట్లో ఒకసారి కంటిపరీక్షతో.

డెంగీలో ప్లేట్‌లెట్లు

డెంగీలో ప్లేట్‌లెట్లు రెండు దారుల్లో తగ్గుతాయి: ఎముక మజ్జలో తయారీ మందగిస్తుంది, తయారైనవి యాంటీబాడీలు పట్టుకోవడం వల్లా, రక్తనాళాల్లో ఖర్చైపోవడం వల్లా నశిస్తాయి. వైరస్ విడుదలచేసే ఎన్‌ఎస్‌-1 ప్రొటీన్ మీద తయారైన యాంటీబాడీలు ప్లేట్‌లెట్లనీ, రక్తనాళాల లోపలి పొరనీ కూడా పట్టుకోగలవని ప్రయోగశాలల్లో చూపించారు. అందుకే ఎక్కించిన ప్లేట్‌లెట్లు కూడా త్వరగానే పోతాయి. రక్తస్రావం లేని పెద్దవాళ్లకి ముందుజాగ్రత్తగా ఎక్కిస్తే లాభం లేదని, ఇబ్బందులు పెరిగాయని సింగపూర్, మలేసియాల్లో చేసిన పరిశోధన 2017లో వచ్చింది. స్టెరాయిడ్ వేసినా ప్లేట్‌లెట్లు పెరగవు.

చూడాల్సింది జ్వరం తగ్గే రోజులని, సుమారు మూడు నుంచి ఏడో రోజు మధ్య. అప్పుడే ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, రక్తనాళాల నుంచి బయటికి కారుతుంది. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 20 శాతం పెరగడం, కడుపులో ఆగని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం, మగత, మూత్రం తగ్గడం కనపడితే ప్లేట్‌లెట్ల అంకె ఎంతున్నా ఆసుపత్రిలో ఉండాలి.

మామూలుగా ప్లేట్‌లెట్లు రెండో వారానికల్లా వాటంతటవే పుంజుకుంటాయి. మూడు వారాలకీ పెరగకపోతే ఐటీపీ అనే ఆటో ఇమ్యూన్ జబ్బు కోసం, లూపస్ కోసం చూడాలి. జ్వరం ఎనిమిదో రోజు దాటినా దిగక, మూడు రకాల రక్తకణాలూ పడిపోతూ, రక్తపరీక్షలో ఫెరిటిన్ అనే ప్రొటీన్ 10,000 దాటితే హెచ్‌ఎల్‌హెచ్ అనుమానించాలి. ఇమ్యూన్ కణాలు అదుపు తప్పి సొంత రక్తకణాలనే మింగే స్థితి అది. డెంగీలో స్టెరాయిడ్ నిజంగా ప్రాణం కాపాడేది ఈ ఒక్క చోట, పెద్దాసుపత్రిలో.

కాళ్లలో సత్తువ పోతే

గిలన్-బారీని 1916లో వర్ణించారు. దోమ వైరస్‌లతో దాని సంబంధం బలంగా తేలింది ఫ్రెంచ్ పాలినేసియాలో 2013-14 జికా వచ్చినప్పుడు. అక్కడ 42 మందికి ఈ జబ్బు వచ్చింది. డెంగీ, గున్యా తర్వాత కూడా వస్తుంది, అరుదుగా. 2025 మొదట్లో పుణెలో వచ్చిన గిలన్-బారీ మాత్రం దోమది కాదు. అక్కడ రోగుల్లో దొరికింది ఎక్కువగా నీటి ద్వారా, ఆహారం ద్వారా వచ్చే కాంపైలోబాక్టర్.

జ్వరం వచ్చిన వారం, రెండు వారాల్లో పాదాల్లో తిమ్మిరితో మొదలై బలహీనత పైకి పాకుతుంది. నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోతుంది, తెలియకుండానే. గొంతుక్కూర్చుని చేతి ఊతం లేకుండా లేవలేరు. రెండు కాళ్లూ సమానంగా. డాక్టరు సుత్తితో కొడితే మోకాలు ఎగరదు. ఇంట్లో చేయదగ్గ పరీక్ష ఒకటుంది: గట్టిగా ఊపిరి పీల్చి, ఆ ఒక్క ఊపిరిలో మామూలు వేగంతో ఒకటి, రెండు అని లెక్కపెట్టమనండి. ఇరవై దాకా రాకపోతే ఊపిరి కండరాలు అలిసిపోతున్నట్టు. మింగడం కష్టమైనా, మాట ముక్కుతో వచ్చినా అంతే తొందర. వెంటిలేటర్ లేని చోట ఆగకూడదు. రాయగడ నుంచైతే పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖ, గంజాం నుంచైతే బరంపురం ఎంకేసీజీ, కొరాపుట్ వైపు నుంచి అక్కడి మెడికల్ కాలేజీ. దగ్గరున్న చోట ఐసీయూ మంచం ఖాళీ ఉందో లేదో ఫోన్‌లో కనుక్కుని బయల్దేరండి.

వైద్యం ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసి నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు), రోజుకి కిలోకి 0.4 గ్రా. చొప్పున ఐదు రోజులు. 60 కిలోల మనిషికి రోజుకి 24 గ్రా., మొత్తం 120 గ్రా. లేదా రెండు వారాల్లో ఐదు సార్లు ప్లాస్మా మార్పిడి. రెండింటి ఫలితం సమానం. ఖర్చు తక్కువని ప్లాస్మా మార్పిడి చెబితే అది తక్కువరకం వైద్యం అనుకోకండి. రెండు వారాల లోపు మొదలుపెడితేనే పూర్తి లాభం. స్టెరాయిడ్ మాత్రలు ఇందులో పనిచేయవు. మొదటి వారంలో వెన్ను నీరు బాగానే ఉందని చెప్పినా జబ్బు లేదని కాదు, ప్రొటీన్ పెరగడం తర్వాత కనపడుతుంది.

మెదడువాపు తగ్గిన పిల్లాడు మళ్లీ మారిపోతే

మల్కన్‌గిరిలో 2016లో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. జపనీస్ మెదడువాపు అన్నారు. చాలా కేసుల్లో కసివింద గింజల విషం కూడా కారణమని తర్వాత నిపుణులు తేల్చారు. రెండూ అక్కడ నిజాలే. జపనీస్ మెదడువాపు క్యూలెక్స్ దోమది. వరిమడుల్లో పెరుగుతుంది, సాయంత్రం, రాత్రి కుడుతుంది, పందుల నుంచీ కొంగల నుంచీ వైరస్ తెస్తుంది. టీకా తొమ్మిది నెలలకి ఒకటి, ఏడాదిన్నరకి ఒకటి. ఆ రెండూ పడ్డాయో లేదో కార్డు తీసి చూడండి.

ఆటో ఇమ్యూన్ సంగతి కోలుకున్నాక వస్తుంది. నెల, రెండు నెలల్లోపు పిల్లాడు నిద్రపోడు, చేతులూ నాలుకా ఆపకుండా మెలికలు తిప్పుతాడు, వచ్చిన మాట పోతుంది. పెద్దపిల్లల్లో కోపం, భయం, లేనివి కనపడటం. ఇళ్లలో "గాలి సోకింది" అంటారు, గిరిజనుల పూజారి, దిసరి దగ్గరికి తీసుకెళ్తారు. ఆసుపత్రిలో కూడా మెదడు పాడైన లక్షణాలే, ఇక ఇంతే అని పంపేస్తే మంచి అవకాశం పోతుంది. వైరస్ తిరిగి రావడం కాదు ఇది. మెదడు కణాల మీదుండే ఎన్‌ఎండీఏ రిసెప్టర్లని యాంటీబాడీలు పట్టుకోవడం. వెన్ను నీరులో ఆ యాంటీబాడీ పరీక్ష చేయాలి, రక్తంలో మాత్రమే చేస్తే తప్పిపోవచ్చు. పాజిటివ్ అయితే మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకి కిలోకి 30 మి.గ్రా., గరిష్ఠంగా 1 గ్రా., మూడు నుంచి ఐదు రోజులు, దానికి తోడు ఐవీఐజీ. కోలుకోవడం నెమ్మది, నెలలు పడుతుంది, కానీ చాలామంది కోలుకుంటారు. డిశ్చార్జి రోజే తల్లిదండ్రులకి ఈ మాట చెప్పి పంపాలి: రెండు నెలల్లో కొత్తగా ఏ మార్పు కనపడినా వెంటనే తీసుకురండి.

ఇక మెథోట్రెక్సేట్, స్టెరాయిడ్ లాంటివి వాడుతున్నవాళ్లకి వచ్చే వానాకాలం మళ్లీ జ్వరం వస్తే: ఆ వారం మెథోట్రెక్సేట్ వేసుకోకండి, డాక్టరుతో మాట్లాడి జ్వరం తగ్గాక మొదలుపెట్టండి. నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ వాడుతుంటే మాత్రం ఆ మాత్ర ఒక్కసారిగా ఆపకూడదు, ఒళ్లు తట్టుకోదు. మలేరియా, డెంగీ, రక్తకణాలు అదే రోజు చూపించుకోండి. నోటిపూత ఉందేమో చూసుకోండి. జ్వరం మొదలైన తేదీ రాయండి.